నిలువురాళ్ల వరసలో ఎర్ర పేలికలు

మార్చి 2, ఆదివారం

అక్కా,

ఆపరేషన్ మార్చి 21, శుక్రవారం, ఉదయం ఏడు గంటలకు. నీ ఎడమ కిడ్నీ తీసి నాకు పెడతారు. నువ్వు 19వ తేదీ మధ్యాహ్నానికల్లా ఆస్పత్రిలో చేరాలి.

నువ్వు బస్సెక్కిన మర్నాడే ఆస్పత్రివాళ్లు ఫోన్ చేశారు. నీ దీవికి సెల్ సిగ్నల్ లేదు. హార్బరు ఆఫీసులో ఒక రేడియో ఫోన్ ఉందట గానీ, ప్రాణం మీదికొస్తే తప్ప ముట్టుకోనివ్వరట. నా ప్రాణం ఇంకా అంత దూరం పోలేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. సోమవారం, గురువారం టపా పడవ వెళ్తుందని పోస్టాఫీసులో కనుక్కున్నాను.

ట్రాన్స్‌ప్లాంట్ విభాగం చూసే పెద్ద నర్సు నీకు ఒక మాట తప్పకుండా చేరవేయమంది. కిడ్నీ ఇచ్చేవాళ్లు ఎప్పుడైనా వద్దనుకోవచ్చు. ఆపరేషన్ గది తలుపు దగ్గర కూడా. కారణం చెప్పక్కర్లేదు, ఎవరూ అడగరు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను.

డయాలసిస్ మామూలే. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. పక్క కుర్చీలో ఒక లారీ డ్రైవరు ఉంటాడు. కదలకుండా కూర్చోవడం ఆయనకీ నాకూ కూడా శిక్షే. "మీ అక్కగారు కనబడ్డం లేదేంటి సార్?" అనడిగాడు నిన్న.

"దీవికెళ్లింది. పాతకాలం నాటి రాళ్లు చూడ్డానికి."

"రాళ్లా? మా బావమరిదికి కడుపులోనే ఉన్నాయి సార్. ఇంట్లో కూర్చోబెట్టి చూపించేవాణ్ణి."

సూది పీకాల్సొచ్చినంత పని చేశాడు, అలా నవ్వించి.

నువ్వు మఫ్లరు మర్చిపోయి వెళ్లావని నీ మరదలు గొణుగుతోంది. యాత్రకు మఫ్లరు మర్చిపోయి, కొలతల స్టాండు మాత్రం గుర్తు పెట్టుకుని భుజాన వేసుకెళ్లిన మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను.

ఉంటాను.
నీ తమ్ముడు


మార్చి 5, బుధవారం

ఒరేయ్ చిన్నోడా,

ఉత్తరం అందింది. విషయం తెలిసింది.

ఇక్కడ గాలి ఎప్పుడూ ఆగదు. ఉన్న ఒక్క లాడ్జీలో మూడు గదులు, నాది మెట్ల పక్కది. లాడ్జీ ఆవిడ నన్ను చూడగానే "ఒక్కరేనా?" అంది. "ఒక్కదాన్నే" అన్నాను. "రాళ్ల కోసమేనా?" అంది. "రాళ్ల కోసమే" అన్నాను. తాళం చెయ్యి ఇస్తూ, "రాళ్ల కోసం వచ్చినవాళ్లు పడక సరిగ్గా లేదని గొడవ చెయ్యరు, పక్షుల కోసం వచ్చినవాళ్లతోనే నా బాధ" అంది. మనిషి నచ్చింది.

మొదటి రోజు కొండ మీది గుండ్రటి వరస చూశాను. మనిషిన్నర ఎత్తు రాళ్లు, చుట్టూ నిలబెట్టినవి. ఒకటి పడిపోయి, దాని గుంటలో వాన నీళ్లు నిలిచాయి. గొర్రెలు తరతరాలుగా ఒళ్లు రుద్దుకోవడంతో ప్రతి రాయీ గొర్రె ఎత్తు వరకు అద్దంలా నున్నబడింది. ఆ పైనంతా గరుకే. ఎవడు పాతాడో తెలియదు గానీ, ఎవరు వాడుకుంటున్నారో మాత్రం తెలుస్తోంది.

ఇరవై ఎనిమిదేళ్లు సర్వేయరుగా రాళ్లు పాతాను. నా బస్సు ఊరు దాటకముందే హద్దురాయి జరిపేసినవాళ్లను చూశాను. నాలుగు వేల ఏళ్లుగా ఎవడూ జరపని రాయి ఎలా ఉంటుందో చూడాలని ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు తీరింది.

రెండో రోజు తూర్పు ఒడ్డున రాతిగదికి వెళ్లాను. అది చచ్చిపోయినవాళ్ల ఎముకలు పెట్టడానికి కట్టిన గది. మోచేతుల మీద పాక్కుంటూ పోవాలి. లోపలికెళ్తే నిలబడేంత చోటు ఉంది, పైన కప్పంతా ఒకటే బండ. నన్ను కట్టిపడేసింది ఏంటంటే, ఆ బండ లోపలి వైపు కూడా చెక్కి చదును చేశారు. ఆ చీకట్లో ఎవరు చూస్తారని? చాలాసేపు అక్కడే నేల మీద పడుకున్నాను. బయటికి రాబుద్ధి కాలేదు.

ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు. కాలు ఒక చోట నిలవడం లేదు నాకు. రేపు పడమటి వైపు నిలువురాళ్ల వరస చూడాలి. అది దీవికి అడ్డంగా సాగి సముద్రంలోకి దిగిపోతుందట.

మఫ్లరు లాడ్జీ ఆవిడ ఇచ్చింది. ఆకుపచ్చది, గొర్రె వాసన. మరదలికి చెప్పు.

మీ అక్క


మార్చి 8, శనివారం

అక్కా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. రెండుసార్లు చదివాను. రాళ్ల గురించి వివరంగా రాశావు. మా పత్రికకు పంపితే ఆదివారం పేజీలో వేస్తారు, గొర్రెల పేరా తీసెయ్యకుండా నేను చూసుకుంటాను.

ఆ రాతిగదిలో అంతసేపు ఎందుకు పడుకున్నావు? ఒంట్లో బాగానే ఉందా? ఊరికే అడుగుతున్నాను.

ఇక్కడ విశేషాలు పెద్దగా లేవు. ఆఫీసుకు వారంలో నాలుగు రోజులు ఒక్కో పూట వెళ్లొస్తున్నాను. బయటికి పంపడం లేదు, డెస్క్‌లో కూర్చోబెట్టారు. ఇతరుల వార్తలు దిద్దడం నా పని. నిన్న ఒక కుర్రాడు రాసిన వార్తలో మంత్రిగారు మూడు సంగతులు చెప్పారు, నాలుగోది దాటేశారు. "ఆయన చెప్పనిది ఏంటో అదే నీ వార్త" అన్నాను. బిక్కమొహం వేశాడు.

లారీ డ్రైవరుకి ఆయన భార్యే కిడ్నీ ఇస్తోంది. పరీక్షలన్నీ అయిపోయాయి, తేదీ కోసం చూస్తున్నారు. ఆవిడ రోజూ వచ్చి కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన్ని తిడుతుంది. "నీళ్లు తాగద్దంటే తాగుతావు. నాది పెట్టాక కూడా ఇలాగే చేశావంటే వెనక్కి తీసుకుంటా." వార్డంతా నవ్వుతుంది. నేనూ నవ్వుతాను.

నీకు అక్కడ బాగుంటే ఇంకొన్నాళ్లు ఉండు. తొందరేం లేదు. తేదీలు ఆస్పత్రివాళ్ల సౌకర్యం కోసం వేసుకునేవి.

నీ మరదలు ఏదో రాస్తానని కాగితం తీసుకుంది, మళ్లీ వద్దంది.

ఉంటాను.
నీ తమ్ముడు


మార్చి 12, బుధవారం

చిన్నోడా,

తొందరేం లేదన్నావు. మంచిది. అయితే నేనూ తీరుబడిగానే రాస్తాను.

రేపటి పడవకి బయల్దేరదామనుకున్నాను. టపా పడవ నడిపే సరంగు ఎక్కించుకోనన్నాడు. ఈ దీవిలో నాతో మాట్లాడేవాళ్లు ఇప్పుడు లాడ్జీ ఆవిడ ఒక్కతే, అదీ భోజనం సంగతి వరకే.

ఏమైందో చెప్తాను. పడమటి వరస గట్టు మీద మొదలవుతుంది. పచ్చిక మైదానం దాటి, ఒడ్డు దాటి, నీళ్లలోకి దిగుతుంది. ఆటు వేళ నీళ్లలో ఇంకో మూడు తలలు కనిపిస్తాయి. వీటిని నిలబెట్టినప్పుడు సముద్రం ఇంకా వెనక ఉండి ఉంటుంది. అది చూశాక ఊరుకోగలనా? స్టాండు దింపాను. రెండు రోజులు కొలిచాను. మధ్యలో ఒక రాయి జానెడు పక్కకి పడింది. దాన్ని పీకి మళ్లీ పాతలేదు వాళ్లు. తర్వాతి రాళ్లలో ఆ తేడాను కొంచెం కొంచెంగా పంచేసి, చివరికి సరిచేశారు. మా డిపార్ట్‌మెంట్లో ఇప్పటికీ మేం చేసేది అదే.

లెక్క సరిచూసుకోడానికి వరస పొడుగునా కొయ్య మేకులు కొట్టి, గాలిలో కనబడేలా ఎర్ర పేలికలు కట్టాను. చెయ్యి అలవాటు. ఎవరి పొలంలో కొడుతున్నాననే ఆలోచనే రాలేదు, ఎవరూ అడ్డు చెప్పలేదు కూడా. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే ఒక్క మేకు లేదు. అన్నీ పీకి, కట్ట కట్టి, లాడ్జీ గుమ్మం ముందు పడేశారు. పక్కన గొర్రెలాయన నిలబడి ఉన్నాడు. వరస సాగేది ఎక్కువగా ఆయన మేత భూమిలోనే.

"విమానాశ్రయమా, రోడ్డా?" అన్నాడు.

"ఏదీ కాదయ్యా. రాళ్లు చూస్తున్నాను."

"చూడ్డానికి మేకులెందుకు? కళ్లు చాలవా?"

విషయం ఏంటంటే, పన్నెండేళ్ల కిందట ఇలాగే ఒక బృందం వచ్చిందట. పక్షుల్ని లెక్కపెడుతున్నాం అన్నారట. ఇలాగే ఎర్ర పేలికలు కట్టారట. ఏడాది తిరక్కుండా దక్షిణం వైపు మైదానమంతా కంచె వేసి తీసేసుకున్నారు. "నేను రిటైరయ్యాను" అన్నాను. "వాళ్లూ అలాంటి మాటలే చెప్పారు" అన్నాడు.

కాబట్టి సరంగు తీర్మానం ఇది. నేను ఇప్పుడు వెళ్లిపోతే కొలతలు పట్టుకుని నేరుగా ప్రభుత్వం దగ్గరికి పోతాను. చేపల పడవలు ఆదివారానికి గానీ ఒడ్డు చేరవు. అందరూ వచ్చాక కూర్చుని నన్ను అడుగుతారు. అప్పుడు తేలాలి.

సోమవారం పడవకి చూద్దాం. ఈలోగా గది నుంచి ఒడ్డుకి, ఒడ్డు నుంచి గదికి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. రాళ్ల దగ్గరికి మాత్రం పోనివ్వడం లేదు, ఒకడు వెనకాలే వస్తాడు.

నీళ్లు కొలత ప్రకారమే తాగు.

అక్క


మార్చి 15, శనివారం

అక్కా,

నిన్న సాయంత్రం నాలుగింటికి 21వ తేదీ వదులుకున్నాను. ఆ తేదీ లారీ డ్రైవరుకి ఇచ్చారు.

ఎందుకో చెప్తాను. తేదీ తెలియజేశాక నీ నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. రెంట్లోనూ కలిపి రాళ్లు, గొర్రెలు, మేకులు, మఫ్లరు ఉన్నాయి. ఆపరేషన్ అన్న మాట ఒక్కసారి కూడా లేదు. శవాల గదిలో పడుకుని బయటికి రాబుద్ధి కాలేదన్నావు. నిద్ర పట్టదన్నావు. వద్దనుకోవచ్చని నర్సు చెప్పిన మాటకు జవాబు లేదు. ఇప్పుడు పడవ తప్పింది. ఒక్కటైతే పట్టించుకునేవాణ్ణి కాదు. ఇన్ని కలిస్తే ఒకటే అర్థం.

నీ మరదలు ఒప్పుకోలేదు. "సూటిగా అడగండి. వదినగారూ, వస్తున్నారా లేదా? అంతే కదా" అంది. "ఇంతమంది మంత్రుల్ని నిలబెట్టి ప్రశ్నలడిగారు, సొంత అక్కని అడగడానికి నీళ్లు నములుతారేం?"

"మంత్రుల దగ్గర నేనేమీ తీసుకోలేదు" అన్నాను.

అడిగితే నువ్వు వస్తావు. అది నాకు తెలుసు. భయపడుతూనైనా వస్తావు. అందుకే అడగలేదు.

పెద్ద నర్సు, "మీ అక్కగారు స్వయంగా చెప్పారా?" అంది. చెప్పలేదన్నాను. "అయితే మీరే రాసివ్వండి" అంది. 'దాతకు ఇష్టం లేనట్టు కనిపిస్తోంది' అని రాసి సంతకం పెట్టాను. అంతకంటే కఠినంగా రాయలేదు, అంతకంటే మెత్తగా రాస్తే వాళ్లు తీసుకోరు.

లారీ డ్రైవరు భార్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఏం చెప్పాలో తెలియక, "నీళ్లు తాగనివ్వకండి" అన్నాను.

నా సంగతికి కంగారు పడకు. చనిపోయినవాళ్ల నుంచి వచ్చే కిడ్నీల జాబితాలో నా పేరుంది. డయాలసిస్‌కి వాడే చేతి నరం కొంచెం మొరాయిస్తోంది, అవతలి చేతికి మార్చొచ్చు అన్నారు. అలా నెట్టుకొచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

నాకు నీ మీద ఏ కోపమూ లేదు. దీవిలో ఎన్నాళ్లుండాలనిపిస్తే అన్నాళ్లుండు. వచ్చాక ఈ విషయం మన మధ్య ఎత్తొద్దు. నీ మరదలు నిన్నటి నుంచి నాతో మాట్లాడ్డం లేదు, అది కూడా సర్దుకుంటుంది.

తమ్ముడు


మార్చి 17, సోమవారం
రేవు పట్నం, పోస్టాఫీసు పక్క లాడ్జీ

చిన్నోడా,

కిడ్నీ ఇస్తున్నాను. ఇస్తానని జనవరిలో రక్తపరీక్ష రోజునే చెప్పాను. ఆ తర్వాత నా మనసు ఒక్క రోజు కూడా మారలేదు.

ఈ ఉత్తరం ఈ సాయంత్రం మెయిలుకి వెళ్తే రేపు నీ చేతిలో ఉంటుంది. నేను ఎల్లుండి గానీ రాను. నేనొచ్చేలోపు నువ్వు చదవాలనే రాస్తున్నాను. ఎదురుగా చెప్తే ఈ కోపానికి నీ మంచం కోడు విరుగుతుంది.

నా పొలం నేను కొలిచి, రాయి పాతి, ఇంటికొచ్చాక రోజూ వెళ్లి ఆ రాయి ఉందా లేదా అని కదిపి చూస్తానట్రా? ఇస్తానన్నాను. అయిపోయింది. తేదీ రాశావు. విషయం తెలిసింది అన్నాను. ఇంకేం రాయాలి? నాలుగు గంటలు కుర్చీలో సూదులతో కూర్చునేవాడికి ఆపరేషన్ గురించి రాస్తే ఏం బాగుంటుందని రాళ్ల గురించి రాశాను. పైగా వద్దనుకోవచ్చు అని నువ్వు రాసిన మాట నాకు సూదిలా గుచ్చుకుంది. నర్సు చెప్పింది సరే, నాకు పంపేముందు 'మా అక్కకి ఇది అక్కర్లేదు' అని ఒక్క ముక్క అనలేకపోయావా అనుకున్నాను. ఆ తర్వాత తొందరేం లేదన్నావు. సరే, నేను తొందరపడితే ఎగబడినట్టుంటుందని ఊరుకున్నాను.

రాతిగదిలో ఎందుకు పడుకున్నానో అడిగావు. మోకాళ్లు పట్టేశాయిరా. పాకి వెళ్లడం వెళ్లాను గానీ తిరిగి పాకడానికి కాళ్లు రాలేదు. అది రాస్తే "ఈ వయసులో నీకెందుకు" అంటావని రాయలేదు.

నిన్న పడవలన్నీ వచ్చాయి. వలలు కుట్టే షెడ్డులో అందరూ కూర్చున్నారు. నన్ను మధ్యలో స్టూలు మీద కూర్చోబెట్టారు. గంట సేపు కొలతల గురించి చెప్పాను, ఒక్కడూ నమ్మలేదు. ఆఖరికి విసుగొచ్చి, "నాకు బుధవారం ఆస్పత్రిలో పనుంది, మా తమ్ముడికి కిడ్నీ ఇవ్వాలి, మీ పచ్చిక నాకెందుకు?" అన్నాను. 

సరంగు లేచాడు. "ఇది ఆ రోజే చెప్తే ఏం పోయిందమ్మా?"

"నువ్వు అడగలేదు."

"పడవెక్కేవాళ్లని కిడ్నీ సంగతి అడుగుతామా?"

గొర్రెలాయన నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాళ్లు నా స్టాండు భుజాన వేసుకుని లాడ్జీ దాకా వచ్చారు.

ఇవాళ పొద్దున రేవులో పెట్టె పెట్టుకుని నిలబడ్డాను. తెల్లారకముందే టపా కోసం పట్నం వెళ్లిన పడవ తిరిగొచ్చింది. టపా సంచీలోంచి నీ ఉత్తరం తీసి హార్బరు గుమాస్తా నా చేతికిచ్చాడు. అక్కడే చదివాను. గుమాస్తాని "రేడియో ఫోన్ తియ్యి" అన్నాను. "ప్రాణం మీదికొస్తేనే ఇస్తాం" అన్నాడు. నా మొహం చూసి తీశాడు. సరంగు పడవ ఆపాడు. రేవులో ఉన్నవాళ్లంతా వింటుండగానే మీ పెద్ద నర్సుతో మాట్లాడాను.

21 తిరిగి రాదు. లారీ డ్రైవరుకి, ఆయన భార్యకి మందులు మొదలుపెట్టేశారు. నేనూ అడగలేదు. తర్వాతి ఖాళీ ఏప్రిల్ 11, శుక్రవారం. కానీ అది మనకి వస్తుందో రాదో నర్సు చెప్పలేనంది. నువ్వు రాసిచ్చిన కాగితం వల్ల ఫైలు మూసేశారు. మళ్లీ తెరవాలంటే దాతలకు అనుమతిచ్చే ఆస్పత్రి కమిటీ నన్ను విచారించాలి. రోగి తానే దాతకు ఇష్టం లేదని రాశాక, దాత మూడు రోజుల్లో పరుగెత్తుకొచ్చి ఇస్తానంటే, ఇంట్లోవాళ్లు బలవంతం చేశారని అనుకుంటారట. అలాంటివి కొట్టేసిన సందర్భాలున్నాయంది. కొట్టేస్తే నా నుంచి ఇక తీసుకోరు.

"మరి నేనెలా మాట్లాడాలి?" అన్నాను.

"ఎక్కువ కోప్పడకండి, ఎవరో నేర్పి పంపారనుకుంటారు. మరీ ముక్తసరిగా చెప్పకండి, భయపడుతున్నారనుకుంటారు. మీ తమ్ముడి గురించి మామూలుగా మాట్లాడండి" అంది.

నీ గురించి మామూలుగా ఎలా మాట్లాడాలో నాకు ఇవాళంతా తెలియడం లేదు. పడవలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే వచ్చాను. సరంగు రెండుసార్లు కూర్చోమన్నాడు.

కాగితం వెనక్కి తీసుకుంటానని నువ్వు ఇంకో కాగితం రాయొద్దు. నర్సు మరీ మరీ చెప్పింది. ఏదీ రాయకు, ఎవర్నీ కలవకు. మరదలితో మాట్లాడు.

రేపు ఎనిమిదింటికి ఇక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో, నర్సు అడిగిన పరీక్షకి పరగడుపున రక్తం ఇస్తాను. అది ఐస్ పెట్టెలో మన ఆస్పత్రికి వెళ్తుంది. బుధవారం పదకొండు బస్సుకి దిగుతాను, ఆటోలో ఇంటికొస్తాను, నువ్వు బస్టాండుకి రావొద్దు.

శుక్రవారం ఏడు గంటలకు లారీ డ్రైవరునీ ఆయన భార్యనీ లోపలికి తీసుకెళ్తారు. అదే రోజు పదింటికి, మొదటి అంతస్తులో కమిటీ గదికి నన్ను పిలుస్తారు. లోపలికి నేనొక్కదాన్నే వెళ్లాలి. నువ్వూ మరదలూ వరండాలో బెంచీ మీద కూర్చోవాలి. తలుపు మూస్తారట.

అక్క